థాయ్ నేర్చుకోవడానికి స్టూడెంట్ వీసా: స్కూల్ వెతుక్కోవడం నుంచి ఏడాది గడిచేదాకా

"నాన్నా, ఈడీ వచ్చింది" అని ఫోన్లో చెబితే అవతల కాసేపు మాట లేదు. పొద్దున్నే పేపర్ చదివే మనిషికి ఈడీ అంటే సోదాలే గుర్తొస్తాయి మరి. తర్వాత చాలాసేపు వివరించాల్సి వచ్చింది. థాయ్‌లాండ్ వాళ్లు చదువుకోవడానికి వచ్చే విదేశీయులకు ఇచ్చే వీసాని నాన్ ఇమ్మిగ్రెంట్ ఈడీ అంటారు. ఈడీ అంటే ఎడ్యుకేషన్. ఇంజనీరింగ్ చదివేవాళ్లకూ ఇదే, నాలాగా పెద్ద వయసులో భాష నేర్చుకుందామని బయల్దేరిన వాళ్లకూ ఇదే.

బ్యాంకాక్‌లో ఏడాది పాటు ఈ వీసా మీద ఉండి థాయ్ నేర్చుకున్నాను. నాకు అర్థమైంది ఏమిటంటే, వీసా మీద ఉండేది మీ పేరే అయినా దాని తాళం స్కూల్ చేతిలో ఉంటుంది. స్కూల్ ఉత్తరం రాస్తేనే విద్యాశాఖ ఉత్తరం వస్తుంది, అది వస్తేనే కాన్సులేట్ వీసా ఇస్తుంది, ఆ తర్వాత మళ్లీ స్కూల్ కాగితాలు పెడితేనే ఇమ్మిగ్రేషన్ గడువు పొడిగిస్తుంది. ఈ గొలుసులో మీ చేతిలో పూర్తిగా ఉండేవి రెండే: ఏ స్కూల్లో చేరతారన్నది, తేదీలు ఎంత జాగ్రత్తగా చూసుకుంటారన్నది. అందుకే ఆ రెండింటి గురించి ఎక్కువ రాస్తున్నాను.

ముందు, ఈ వీసా మీకు కావాలా?

భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు వీసా లేకుండా వెళ్లి ఉండగలిగే గడువును థాయ్‌లాండ్ 2024 జూలైలో 60 రోజులు చేసింది. ఈ లెక్క ప్రభుత్వాన్ని బట్టి మారుతూ ఉంటుంది, టికెట్ కొనే ముందు ఒకసారి చూసుకోండి. రెండు మూడు వారాలు నాలుగు మాటలు నేర్చుకుని రావాలనుకుంటే స్టూడెంట్ వీసా కోసం ఇంత తతంగం అక్కర్లేదు. ఆరు నెలలో ఏడాదో కూర్చుని చదవడం, రాయడం కూడా రావాలనుకునే వాళ్లకే ఇది.

హైదరాబాద్ కంపెనీలో వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తూ, పేరుకి థాయ్ క్లాసులో చేరి బ్యాంకాక్‌లో ఉందామనే ఆలోచన ఉంటే ఈ దారి మీది కాదు. ఈడీ వీసా మీద పని చేయడానికి అనుమతి లేదు. అలాంటి వాళ్ల కోసమే 2024లో డీటీవీ అనే వేరే వీసా తెచ్చారు. దాని గడువు ఐదేళ్లు, వెళ్లినప్పుడల్లా 180 రోజులు ఉండొచ్చు. కాకపోతే బ్యాంకులో 5 లక్షల బాత్‌లు చూపించాలి, ఫీజే 10,000 బాత్‌లు. బాక్సింగ్, వంట నేర్చుకునే వాళ్లకి కూడా డీటీవీ ఇస్తారు. భాష నేర్చుకునే వాళ్లది మాత్రం ఈడీ దారే.

వీసా లేకుండా వెళ్లి, అక్కడికెళ్లాక ఈడీగా మార్చుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. నియమాల్లో ఆ వీలు ఉంది. గడువు ఇంకా కనీసం 15 రోజులు ఉండగా దరఖాస్తు పెట్టాలి, ఫీజు 2,000 బాత్‌లు. కానీ స్కూల్ కాగితాలు రావడానికే వారాలు పడుతుంది, ఈలోపు మీకిచ్చిన రోజులు కరిగిపోతుంటాయి. కాదంటే చేసేదేమీ ఉండదు, సామాను సర్దుకోవడమే. ఇంట్లో కూర్చుని, టెన్షన్ లేకుండా ఇండియా నుంచే పెట్టుకోండి.

మొదటి మెట్టు: స్కూల్

స్కూళ్లు రెండు రకాలు. ఒకటి విశ్వవిద్యాలయాలు నడిపే కోర్సులు. బ్యాంకాక్‌లో చులాలాంగ్‌కార్న్ విశ్వవిద్యాలయం ఇంటెన్సివ్ థాయ్ కోర్సు బాగా పేరున్నది, చియాంగ్ మాయ్‌లో పాయప్ విశ్వవిద్యాలయంలో కూడా థాయ్ నేర్పుతారు. రోజూ క్లాసులు, హోంవర్కు, పరీక్షలు ఉంటాయి, ఫీజు కూడా గట్టిగానే ఉంటుంది. రెండో రకం ప్రైవేటు భాషా పాఠశాలలు. ఇవి బ్యాంకాక్, చియాంగ్ మాయ్, పట్టాయా, ఫుకెట్‌లలో వీధికొకటి కనిపిస్తాయి. ఎక్కువమంది చేరేది వీటిలోనే. వారానికి నాలుగు గంటల చొప్పున ఏడాదికి సుమారు 180 నుంచి 200 గంటల క్లాసులు, ఫీజు చాలాచోట్ల 25,000 నుంచి 35,000 బాత్‌ల మధ్య.

బోర్డు మీద "వీసా సపోర్ట్" అని రాసున్నంత మాత్రాన నమ్మకండి. స్కూల్‌కి థాయ్ విద్యాశాఖ లైసెన్స్ ఉండాలి, విదేశీయులకు థాయ్ నేర్పే పాఠ్యక్రమానికి కూడా అనుమతి ఉండాలి. ఇంగ్లిష్ నేర్పడానికి లైసెన్స్ తీసుకుని, థాయ్ కోర్సు పేరుతో డబ్బు కట్టించుకునే వాళ్లు లేకపోలేదు. లైసెన్స్ కాపీ పంపమని మెయిల్ పెట్టండి. పంపడానికి నసిగితే అక్కడే వదిలేయండి.

ఫీజు కట్టకముందే రాతపూర్వకంగా అడగాల్సినవి చెబుతాను. విద్యాశాఖ ఉత్తరానికి ఎన్ని వారాలు పడుతుంది? వీసా రాకపోతే ఫీజులో ఎంత వెనక్కి ఇస్తారు? ప్రతి పొడిగింపుకి కాగితాలు తయారు చేసినందుకు విడిగా వసూలు చేస్తారా? హాజరు ఎంత శాతం ఉండాలి? క్లాసు మిస్సయితే మళ్లీ చేసుకునే వీలుందా? చివరి ప్రశ్నకి ఒక స్కూల్లో నాకొచ్చిన జవాబు ఇప్పటికీ గుర్తుంది. ఫోన్లో అవతలి అమ్మాయి నవ్వుతూ, "రాకపోయినా ఫర్వాలేదు సార్, హాజరు మేం చూసుకుంటాం" అంది. నేను ఆ స్కూల్లో చేరలేదు. హాజరు "చూసుకునే" స్కూళ్ల మీదే మొదట దాడులు జరుగుతాయి. 2025లో థాయ్ ప్రభుత్వం, పేరుకి విద్యార్థులుగా ఉంటూ వేరే పనులు చేసుకుంటున్న వాళ్లవని వేల సంఖ్యలో స్టూడెంట్ వీసాలు రద్దు చేసింది. స్కూల్ చేసిన తప్పుకి బయటికి వెళ్లాల్సింది మీరే.

వీలైతే ముందు టూరిస్టుగా వారం రోజులు వెళ్లి, రెండు మూడు స్కూళ్లలో ట్రయల్ క్లాసులో కూర్చుని చూడండి. హైదరాబాద్ నుంచి నాలుగు గంటల లోపు ప్రయాణమే. టీచర్ ఇంగ్లిష్‌లో ఎంత మాట్లాడుతున్నారో, థాయ్‌లో ఎంత మాట్లాడుతున్నారో గమనించండి. గంటంతా ఇంగ్లిష్ నడుస్తుంటే ఏడాది తర్వాత కూడా మీకు వచ్చేది ఇంగ్లిషే.

రెండో మెట్టు: పేరు, మన తెలుగువాళ్ల ప్రత్యేక తలనొప్పి

నాకు మూడు వారాలు వృథా అయింది ఇక్కడే.

మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకరికి ముందు, ఒకరికి వెనక. కొందరికి ఇంటిపేరు గడి ఖాళీ, పేరంతా ఇచ్చిన పేరు గడిలోనే. ఇంకొందరికి పదో తరగతి సర్టిఫికెట్‌లో పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు. పైగా వెంకట సత్య సాయి ఫలానా అని నాలుగు మాటల పేర్లు. స్కూల్ ఆఫీసులో ఉండే థాయ్ ఉద్యోగికి ఇందులో ఏది ఇంటిపేరో, ఏది తాతగారి పేరో ఎలా తెలుస్తుంది? నా చేరిక ఉత్తరంలో నడిమి మాట ఒకటి ఎగిరిపోయింది. నేను గమనించలేదు. అదే తప్పు విద్యాశాఖ ఉత్తరంలోకి వెళ్లింది. వీసా దరఖాస్తు నింపుతూ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకున్నప్పుడు గుండె గుభేల్‌మంది. స్కూల్ మళ్లీ ఉత్తరం రాసి, శాఖకి పంపి, కొత్త ఉత్తరం వచ్చేసరికి ఇరవై రెండు రోజులు.

అందుకని స్కూల్‌కి దరఖాస్తు పంపేటప్పుడే పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున రెండు వరుసల్లో బాణం గుర్తులతో ఉండే అక్షరాలు చూడండి. అందులో రెండు బాణాలకి ముందున్నది ఇంటిపేరు, తర్వాతది మీ పేరు. "నా పేరు ఇలాగే, ఈ వరుసలోనే, ఒక్క అక్షరం కూడా తగ్గకుండా ఉండాలి" అని రాసి ఆ ముక్కనే ఫొటో తీసి పంపండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు వీలైతే ముందే పాస్‌పోర్టులో సరిచేయించుకోండి. థాయ్ వీసా ఫారంలో మాత్రమే కాదు, అక్కడ బ్యాంకు ఖాతాకి కూడా ఇదే గొడవ.

పాస్‌పోర్టు గడువు కనీసం ఆరు నెలలు ఉండాలన్నది నియమం. నా సలహా పద్దెనిమిది నెలలు. ఏడాది మధ్యలో పాస్‌పోర్టు మార్చితే పాత దాంట్లోని ముద్రని కొత్త దాంట్లోకి మార్పించుకోవడానికి మళ్లీ ఇమ్మిగ్రేషన్ చుట్టూ తిరగాలి. ఇంకో సంగతి, పది పాస్ కాని వాళ్ల పాస్‌పోర్టులో ఈసీఆర్ అని ఉంటుంది. ఉద్యోగానికి వెళ్లేవాళ్ల విషయంలో ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అడిగే దేశాల్లో థాయ్‌లాండ్ కూడా ఒకటి. మీరు వెళ్తున్నది చదువుకి కాబట్టి అది వర్తించదు, కానీ శంషాబాద్ కౌంటర్లో ప్రశ్నలు రావొచ్చు, స్కూల్ ఉత్తరాలు హ్యాండ్ బ్యాగులోనే ఉంచుకోండి.

మూడో మెట్టు: విద్యాశాఖ ఉత్తరం

మీరు చేసేదేమీ లేదు, ఎదురుచూడటమే. స్కూల్ మీ పాస్‌పోర్టు కాపీ, ఫొటోలు, చదువు సర్టిఫికెట్ తీసుకుని శాఖకి పంపుతుంది. మామూలుగా మూడు నుంచి ఆరు వారాలు. ఉత్తరం థాయ్‌లో వస్తుంది, తేదీ బౌద్ధ శకంలో ఉంటుంది. మన 2026 వాళ్లకి 2569, అంటే 543 కలపాలి. అది చూసి తేదీ తప్పు పడిందని కంగారు పడకండి. పేరు, పాస్‌పోర్టు నంబరు మాత్రం ఇంగ్లిష్‌లో ఉంటాయి కాబట్టి అక్షరం అక్షరం సరిపోల్చుకోండి. ఉత్తరం ఏ కాన్సులేట్ పేరు మీద రాశారో కూడా చూడండి. చెన్నైకి పెట్టబోతూ ఢిల్లీ పేరున్న ఉత్తరం జత చేస్తే అడ్డు పడొచ్చు.

నాలుగో మెట్టు: ఈ-వీసా దరఖాస్తు

2025 జనవరి 1 నుంచి ఇండియాలోనూ అంతా ఆన్‌లైనే. పాస్‌పోర్టు కొరియర్లో పంపే రోజులు పోయాయి. థాయ్‌ఈవీసా డాట్ గో డాట్ టీహెచ్ అన్నదే అధికారిక సైటు. అచ్చం దానిలాగే ఉండి రెట్టింపు ఫీజు గుంజే ఏజెంట్ల సైట్లు గూగుల్లో పైన కనిపిస్తాయి, చివర "గో డాట్ టీహెచ్" లేకపోతే మూసేయండి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లు ఎంచుకోవాల్సింది చెన్నైలోని థాయ్ కాన్సులేట్ జనరల్. ముంబయి, కోల్‌కతాల్లో కూడా కాన్సులేట్లు ఉన్నాయి, ఢిల్లీలో రాయబార కార్యాలయం. మీ ఆధార్ చిరునామా విజయవాడ, ఉండేది పుణె అయితే ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారో దాన్ని బట్టే పెట్టాలి, అక్కడ ఉంటున్నట్టు రుజువు జత చేయాలి. దుబాయ్‌లోనో డాలస్‌లోనో ఉన్న తెలుగువాళ్లు అక్కడి థాయ్ కార్యాలయానికే పెట్టుకోవాలి. దరఖాస్తు నడుస్తున్నంతసేపు ఆ దేశంలోనే ఉండాలి కూడా.

జత చేయాల్సిన కాగితాలు: పాస్‌పోర్టు ఫొటో పేజీ, ఆరు నెలల లోపు తీసిన ఫొటో, ప్రస్తుత చిరునామా రుజువు, స్కూల్ చేరిక ఉత్తరం, విద్యాశాఖ ఉత్తరం, స్కూల్ లైసెన్స్ కాపీ, చదివిన చదువు సర్టిఫికెట్, బ్యాంకు స్టేట్‌మెంట్. పోలీస్ క్లియరెన్స్ అడిగితే పాస్‌పోర్ట్ సేవా సైటులో పెట్టుకోవాలి, మన స్టేషన్ నుంచి విచారణకి వచ్చి పోయేసరికి రెండు మూడు వారాలు అనుకోండి. అమ్మానాన్నలు డబ్బు పెడుతుంటే వాళ్ల స్టేట్‌మెంట్‌తో పాటు ఖర్చు మేమే భరిస్తామని వాళ్లు రాసిచ్చిన ఉత్తరం కూడా పెట్టండి. దరఖాస్తుకి రెండు రోజుల ముందు ఎక్కడినుంచో మూడు లక్షలు తెచ్చి ఖాతాలో వేస్తే చూసేవాళ్లకి తెలియకుండా పోదు. నెల నెలా జీతం పడుతూ, ఖర్చవుతూ ఉన్న మామూలు ఖాతానే నయం.

స్కాన్ బాగా చేయించండి. ఫోన్‌తో మంచం మీద పెట్టి తీసిన ఫొటోలు, అంచు మీద బొటనవేలు కనిపించే ఫొటోలు వెనక్కి వస్తాయి. జిరాక్స్ షాపులో ఫ్లాట్ స్కానర్ మీద పది రూపాయలకి పని అయిపోతుంది.

సింగిల్ ఎంట్రీ వీసా మూల రుసుము 2,000 బాత్‌లు, మన రూపాయల్లో ఎంతన్నది, ఎలా కట్టాలన్నది కాన్సులేట్ చెప్పినట్టు. ఇండియాలో ఈ-వీసా మొదలుపెట్టినప్పుడు ఫీజు అందిన రోజు నుంచి సుమారు 14 పని దినాలు పడుతుందని ప్రకటించారు. ఇక్కడ "ఫీజు అందిన రోజు నుంచి" అన్న ముక్క ముఖ్యం. ఫారం నింపి ఫీజు కట్టడం మర్చిపోయి రెండు వారాలు ఎదురుచూసిన వాళ్లు నాకు తెలుసు. ఇంకేదైనా కాగితం కావాలని మెయిల్ వస్తే గడియారం ఆగినట్టే, స్పామ్ ఫోల్డర్ కూడా రోజూ చూడండి. వీసా రాకపోయినా ఫీజు తిరిగి రాదు.

వీసా వచ్చాక పీడీఎఫ్ మెయిల్లో వస్తుంది. ఇచ్చిన తేదీ నుంచి మూడు నెలల్లోపు థాయ్‌లాండ్‌లో అడుగుపెట్టాలి. ఈ మూడు నెలలు వెళ్లడానికి గడువు మాత్రమే. అక్కడ ఉండే 90 రోజులు మీరు దిగిన రోజు నుంచి మొదలవుతాయి. ఈ రెండింటినీ కలిపేసి లెక్క తప్పేవాళ్లు చాలామంది. రంగులో రెండు ప్రింట్లు తీసుకోండి.

స్కూల్ ఫీజు బ్యాంకు నుంచి పంపేటప్పుడు కారణం గడిలో విదేశీ చదువు అని రాయించండి. పంపే మొత్తం ఏడాదికి 10 లక్షల రూపాయలు దాటితేనే టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే ముందుగా తీసుకునే పన్ను) పట్టుకుంటారు, భాష కోర్సు ఫీజు ఆ దరిదాపుల్లోకి కూడా రాదు.

ఐదో మెట్టు: సువర్ణభూమి విమానాశ్రయంలో ఆ ఐదు నిమిషాలు

అక్కడ దిగడానికి ముందు మూడు రోజుల్లోపు టీడీఏసీ అనే డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్లో నింపాలి. 2025 మే 1 నుంచి ఇది అందరికీ తప్పనిసరి, పూర్తిగా ఉచితం. డబ్బు అడిగే సైటు ఏదైనా నకిలీయే.

ఇప్పుడు అసలు సంగతి. ఇండియా నుంచి రోజూ దిగే వేలమందిలో ఎక్కువమంది వీసా లేకుండా వచ్చే టూరిస్టులే. కౌంటర్లో ఉన్న ఆఫీసర్ చేతికి మన పాస్‌పోర్టు చూడగానే టూరిస్టు ముద్ర వేయడం అలవాటైపోయి ఉంటుంది. ఈ-వీసా పాస్‌పోర్టులో అంటించి ఉండదు కాబట్టి మీరు చెప్పకపోతే ఆయనకి తట్టకపోవచ్చు. పాస్‌పోర్టుతో పాటు వీసా ప్రింటు పైన పెట్టి ఇచ్చి, "ఈడీ వీసా" అని నోటితో చెప్పండి. ముద్ర పడ్డాక వెంటనే కదలకుండా చూడండి: నాన్ ఈడీ అని ఉందా, ఎప్పటిదాకా ఉండొచ్చో తేదీ 90 రోజులకి సరిపోయిందా? నా వెనక వరుసలో ఉన్న ఒక కుర్రాడికి 60 రోజుల టూరిస్టు ముద్ర పడింది. సామాను బెల్టు దగ్గరికి వెళ్లాక నేను చెబితే చూసుకున్నాడు. పరుగెత్తుకుంటూ వెనక్కి వెళ్లి సూపర్‌వైజర్‌ని పట్టుకుంటే సరిచేశారు. అదే టాక్సీ ఎక్కేశాక చూసుకుని ఉంటే స్కూల్ కాగితాలన్నీ చెత్తబుట్టకే.

దిగిన రోజు కూడా లెక్కలోకి వస్తుంది. లీపు సంవత్సరం కాని ఏడాదిలో జనవరి 10న దిగితే మీ 90వ రోజు ఏప్రిల్ 9. ఏప్రిల్ 10 కాదు.

ఆరో మెట్టు: ఇల్లు, టీఎం 30

అక్కడ ఇమ్మిగ్రేషన్ ఫారాల పేర్లు చాలావరకు టీఎంతో మొదలవుతాయి. థాయ్‌లో ఇమ్మిగ్రేషన్‌ని "త్రువత్ ఖొన్ ఖావ్ మువాంగ్" అంటారు, ఊళ్లోకి వచ్చే మనుషుల్ని తనిఖీ చేసే శాఖ అని. దాన్ని పొట్టి చేసి "తో మో" అంటారు, ఇంగ్లిష్‌లో టీఎం.

విదేశీయుడు ఇంట్లో దిగిన 24 గంటల్లో ఇంటి యజమాని ఇమ్మిగ్రేషన్‌కి తెలియజేసే ఫారం టీఎం 30. హోటల్ అయితే వాళ్లే చేస్తారు. అద్దె గది అయితే ఓనర్ చేయాలి, చాలామంది బద్ధకిస్తారు. అడ్వాన్సు ఇవ్వకముందే "టీఎం 30 చేస్తారా?" అని అడగండి. రేపు పొడిగింపు కౌంటర్లో ఈ రసీదు అడిగితే జరిమానా ఓనర్‌దే కానీ తిరుగుడు మీదే.

ఏడో మెట్టు: 90 రోజులకోసారి పొడిగింపు

ప్రైవేటు భాషా స్కూళ్ల విద్యార్థులకి పొడిగింపు సాధారణంగా ఒక్కోసారి 90 రోజులే. విశ్వవిద్యాలయాల వాళ్లకి ఒకేసారి ఎక్కువ కాలం దొరకొచ్చు. ఫీజు ప్రతిసారీ 1,900 బాత్‌లు. మొదటి 90 రోజులు, తర్వాత మూడు పొడిగింపులు కలిపితే 360 రోజులు. అంటే ఏడాదికి ప్రభుత్వానికి కట్టేది వీసాకి 2,000, పొడిగింపులకి 5,700, మొత్తం 7,700 బాత్‌లు, స్కూల్ ఫీజు కాక.

గడువు తీరడానికి 30 రోజుల ముందు నుంచే పెట్టుకోవచ్చు. ముందే వెళ్తే రోజులు నష్టపోతామని కొందరు ఆఖరి రోజుదాకా ఆగుతారు. అదేం లేదు, కొత్త 90 రోజులు పాత గడువు తీరిన మర్నాటి నుంచే లెక్క. ఇందాకటి ఉదాహరణే తీసుకోండి. గడువు ఏప్రిల్ 9. ఏప్రిల్ 6న చక్రీ వంశ దినం సెలవు. 13 నుంచి 15 దాకా సోంగ్‌క్రాన్, వాళ్ల కొత్త సంవత్సరం, మన ఉగాది, హోలీ కలిపితే ఎలా ఉంటుందో అలా నీళ్లు చల్లుకుంటారు. ఆ ముందు వారంలో బ్యాంకాక్‌లోని విదేశీయులందరూ ఇమ్మిగ్రేషన్ ఆఫీసులోనే ఉన్నారా అనిపిస్తుంది. పైగా పొడిగింపుకి విద్యాశాఖ నుంచి ఇంకో కొత్త ఉత్తరం కావాలి. కాబట్టి గడువుకి నెలా పదిహేను రోజుల ముందే స్కూల్ ఆఫీసులో గుర్తు చేయండి. వాళ్లే చూసుకుంటారులే అని ఊరుకోకండి, వాళ్ల దగ్గర మీలాంటి వాళ్లు చాలామంది ఉంటారు.

బ్యాంకాక్ వాళ్లు వెళ్లాల్సింది చేంగ్ వత్తనలోని ప్రభుత్వ కార్యాలయ సముదాయానికి. పొద్దున్నే వెళ్లండి, 12 నుంచి 1 దాకా భోజన విరామం. పొడిగింపు దరఖాస్తు అయిన టీఎం 7 ఫారం, 4×6 సెంటీమీటర్ల ఫొటో, పాస్‌పోర్టు ముఖ్య పేజీల జిరాక్సులు, స్కూల్, విద్యాశాఖ ఉత్తరాలు, హాజరు పట్టిక తీసుకెళ్లాలి. ప్రతి జిరాక్సు మీదా నీలం ఇంకుతో సంతకం పెట్టాలి. నేను మొదటిసారి గంటన్నర కూర్చుని నా నంబరు వచ్చాక కౌంటర్ దగ్గరికి వెళ్తే, ఆవిడ కాగితాలు చకచకా తిప్పి ఒక పేజీ దగ్గర ఆగి పెన్ను నా ముందు పెట్టింది. ఏడు జిరాక్సుల్లో ఒకదాని మీద సంతకం మర్చిపోయాను. పెట్టాను. తర్వాత పెన్ను వెనక్కి తీసుకుని, తలెత్తకుండానే "రియెన్ థీ నై?" అంది. ఎక్కడ చదువుతున్నావని. ఆ మూడు ముక్కలకి మా స్కూల్ పేరు చెప్పి చివర మర్యాదకి మగవాళ్లు అనే "ఖ్రప్" చేర్చేసరికి ఆవిడ ముఖంలో కాస్త నవ్వు కనిపించింది.

అవును, ఇలా థాయ్‌లో ప్రశ్నలు అడుగుతారు. ప్రతిసారీ కాదు, అందరినీ కాదు. మీ పేరేమిటి అని "ఖున్ చూ అరై", ఎక్కడ ఉంటున్నారని "ఫక్ థీ నై" లాంటివి. ఆరు నెలలు థాయ్ చదివానంటూ పేరు కూడా చెప్పలేకపోతే ఇంకో ప్రశ్న వస్తుంది, ఆ తర్వాత ఇంకోటి. థాయ్ అక్షరాల్లో పేరు రాయమన్నా రాయగలగాలి.

ఇక్కడ మనకి ఒక సదుపాయం ఉంది, దాన్ని వాడుకోండి. థాయ్ లిపి ఖ్మేర్ లిపి మీదుగా పల్లవుల కాలపు దక్షిణ భారత లిపి నుంచే వచ్చింది. 44 హల్లులు చూసి యూరప్ వాళ్లు బెదిరిపోతారు, మనకి మాత్రం వరుస తెలిసినదే: క వర్గం, చ వర్గం, ట వర్గం అలా. ట వర్గాన్ని విడిగా పలకకపోయినా పాళీ, సంస్కృత పదాల కోసం రాతలో ఇంకా దాచుకున్నారు. మాటలు కూడా పలకరిస్తాయి. భాషని "ఫాసా" అంటారు, గురువుని "ఖ్రూ", ఆచార్యుణ్ణి "ఆజాన్", వేళని "వేలా", ఆహారాన్ని "ఆహాన్", నగరాన్ని "నఖోన్". చిక్కంతా స్వరాలతోనే, అంటే మాట అర్థాన్నే మార్చేసే గొంతు ఎత్తుపల్లాలతో. ఐదు స్వరాలు. మామూలుగా "మా" అంటే రావడం, గొంతు ఎత్తి అంటే గుర్రం, కింద నుంచి పైకి లాగితే కుక్క. మా టీచర్ నన్ను రోజూ గుర్రంతో మొదలుపెట్టించేది.

మిగిలిన లెక్కలు

90 రోజుల రిపోర్టు అని ఇంకొకటి ఉంది, ఫారం టీఎం 47. పొడిగింపు వేరు, ఇది వేరు. దేశంలో ఏకబిగిన 90 రోజులు దాటి ఉన్నవాళ్లు ఇక్కడే ఉన్నామని చిరునామా తెలియజేయాలి. మొదటి పొడిగింపు దరఖాస్తే మొదటి రిపోర్టు కింద లెక్క, అక్కడి నుంచి వేరుగా గుర్తుపెట్టుకోవాలి. గడువుకి 15 రోజుల ముందు నుంచి 7 రోజుల తర్వాత దాకా చేయొచ్చు, ఆన్‌లైన్లో కూడా. ఆలస్యమైతే 2,000 బాత్‌ల జరిమానా.

సంక్రాంతికో, చెల్లి పెళ్లికో ఇంటికి రావాలనుకుంటే విమానం ఎక్కే ముందు రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి. ఒకసారికి 1,000 బాత్‌లు, ఎన్నిసార్లయినా అయితే 3,800. అది లేకుండా దేశం దాటితే అక్కడితో మీ వీసా పోయినట్టే, మిగిలిన రోజులు ఎన్నున్నా సరే. ఆదరాబాదరాగా బయల్దేరాల్సి వస్తే సువర్ణభూమిలోనే ప్రయాణం రోజున తీసుకునే కౌంటర్ ఉంది, ఒక గంట ముందుగా వెళ్లండి. పర్మిట్ తీసుకున్నంత మాత్రాన గడువు పెరగదు, పాత తేదీ పాత తేదీయే.

గడువు దాటి ఉంటే రోజుకి 500 బాత్‌ల చొప్పున 20,000 దాకా జరిమానా. 90 రోజులు మించితే కనీసం ఏడాది పాటు మళ్లీ రానివ్వరు. ఒక్కరోజే కదా అనుకోకండి, ఆ ముద్ర పాస్‌పోర్టులో ఉండిపోతుంది, తర్వాతి వీసా అడిగినప్పుడు ముందు కనిపించేది అదే.

ఇక పని సంగతి. జీతం తీసుకోకుండా స్నేహితుడి రెస్టారెంటులో రెండు గంటలు నిలబడినా పని కింద లెక్క కట్టగలరు. బ్యాంకాక్‌లోని సుఖుంవిత్ ప్రాంతంలో మన భోజనం దొరికే చోట్ల పరిచయాలు త్వరగా పెరుగుతాయి, "సాయంత్రం వచ్చి కాస్త బిల్లింగ్ చూస్తావా బాబూ" అనే అంకుల్స్ ఉంటారు. తినేసి రండి, బిల్లింగ్ వద్దు.

మధ్యలో కోర్సు మానేయాలనుకుంటే చెప్పకుండా క్లాసుకి వెళ్లడం ఆపేయకండి. స్కూల్ మీ పేరు తీసేసి ఇమ్మిగ్రేషన్‌కి తెలియజేస్తే, పాస్‌పోర్టులో తేదీ ఇంకా ఉన్నా మీ గడువు అక్కడితో ముగిసినట్టే కావచ్చు. వెళ్లే తేదీ ముందు ఖాయం చేసుకుని, టికెట్ కొనుక్కుని, ఆ తేదీనే స్కూల్లో చెప్పండి. ఏడాది పూర్తి చేసినవాళ్లు కూడా అంతే. చివరి క్లాసు అయిపోయిన రోజుకీ ముద్ర మీద తేదీకీ తేడా ఉంటే ఆ మధ్య రోజులు ఉండొచ్చో లేదో స్కూల్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. సర్టిఫికెట్, హాజరు పట్టిక, పాత ఉత్తరాల కాపీలు తీసుకోండి. రెండో ఏడాది ఇంకో స్కూల్లో చేరాలనుకుంటే కౌంటర్లో మొదట చూసేది మొదటి ఏడాది హాజరే.

నేను వచ్చేసే ముందు మా ఖ్రూ నా నోట్‌బుక్ చివరి పేజీలో నా పేరు థాయ్‌లో రాసి చూపించింది. నడిమి మాట కూడా వదల్లేదు.